మాటల అట్ట: మాట రాని పిల్లలతో మాట్లాడటం, వాళ్ళకు చదవడం, రాయడం నేర్పడం

చీరాలలో మాది జిరాక్సు, లామినేషన్ షాపు. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నోట మాట రాదు, చేతులు వాడు చెప్పినట్టు వినవు. కళ్ళతోనూ, బొమ్మలూ మాటలూ గడులుగా వేసి నేను షాపులో చేసిన అట్టలతోనూ మాట్లాడతాడు.

వాడికి ఎనిమిదేళ్ళప్పుడు అట్ట మీద తిండి బొమ్మలే నలభై దాకా ఉండేవి. ఇడ్లీ, దోసె, పెరుగన్నం, అరటిపండు, బిస్కెట్టు, ఇలా నాకు తోచినవన్నీ పెట్టాను. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే ఆ బొమ్మలేవీ చూడకుండా గోడ మీది అక్షరాల చార్టు వైపే చూస్తున్నాడు. సరేనని ఒక్కో వరసా చదువుకుంటూ పోయాను. ‘క’ దగ్గర కళ్ళు పైకెత్తాడు, అంటే అవునని. తర్వాత ‘ర’ దగ్గర ఎత్తాడు. కర్రా? కాదు. కారా? కాదు. కూరా? కూర కలిపేగా పెడుతున్నాను. కాదు. ఇద్దరికీ విసుగొచ్చి ఆ పూటకు వదిలేశాం. మర్నాడు షాపులో గుణింతం గుర్తులన్నీ ఒక చీటీ మీద పెద్దగా కొట్టి తెచ్చాను. ‘క’కు దీర్ఘం, ‘ర’ పక్కన సున్న. కారం.

ఎనిమిదేళ్ళుగా మెత్తగా పిసికిన చప్పటి అన్నమే పెడుతున్నాం వాడికి. నలభై బొమ్మల్లో కారం పెట్టాలని నాకు తట్టనే లేదు. (మింగడం కష్టమయ్యే పిల్లలకు తిండిలో ఏం మార్చాలన్నా ముందు డాక్టరును అడగాలి. మేమూ అడిగే పెట్టాం.) బొమ్మల అట్టతో పిల్లవాడు చెప్పగలిగేది మనకు తట్టిన మాటలే. మనకు తట్టనిది చెప్పాలంటే అక్షరాలు కావాలి. ‘ముందు బొమ్మలు బాగా రానివ్వండి, అక్షరాల సంగతి తర్వాత చూద్దాం’ అని మాకు చెప్పినవాళ్ళ మాట విని రెండేళ్ళు పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టండి.

నోటిమాటకు తోడుగానో, బదులుగానో బొమ్మలు, అక్షరాలు, సైగలు, ఫోన్లు వాడటాన్ని ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అంటారు. పొట్టిగా ఏఏసీ. మా ఇంట్లో మాత్రం మాటల అట్ట. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకే కాదు, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉండి మాట తక్కువగా వచ్చే పిల్లలకూ పనికొస్తుంది.

అవును ఒక్కటే, కాదు మాత్రం మూడు

అట్ట కంటే ముందు ఒక పని ఉంది. మీ పిల్లవాడు ఏ కదలికను తేలిగ్గా, మళ్ళీ మళ్ళీ ఒకేలా చేయగలడో ఒక వారం చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. తల ఊపడమే కానక్కర్లేదు. మా వాడు తల ఊపబోతే ఒళ్ళంతా బిగుసుకుంటుంది. అందుకని కళ్ళు పైకెత్తితే అవును, ఎడమకు తిప్పితే కాదు అని పెట్టుకున్నాం. ఇంట్లో అందరూ అదే వాడాలి. వాడు చూసిన వెంటనే ‘అవునన్నావు’ అని పైకి అనాలి. మనం సరిగ్గా అందుకున్నామో లేదో అప్పుడు వాడికి తెలుస్తుంది.

నా మొదటి అట్ట ఇంగ్లిషు అట్టను చూసి చేసింది. అందులో ‘నో’ అనే గడి ఒక్కటే ఉంటే నేనూ ‘కాదు’ అని ఒక్కటే పెట్టాను. ఒక రాత్రి వాడు ఏడుస్తున్నాడు. ‘చెవి నొప్పా నాన్నా?’ అని అడిగాను. కాదన్నాడు. నొప్పేమీ లేదంటున్నాడు కదా, నిద్ర రాక ఏడుస్తున్నాడేమో అనుకుని జోకొట్టాను. మూడో రోజు చిగురు వాచింది. వాడన్నది చెవి కాదు అని. నేను విన్నది నొప్పి లేదు అని.

మన భాషలో కాదు, లేదు, వద్దు మూడూ వేరు. మజ్జిగ వద్దు అంటే తాగను అని. మజ్జిగ లేదు అంటే అయిపోయిందని. మజ్జిగ కాదు అంటే ఇంకేదో అడుగుతున్నాడని. చిన్నపిల్లలు కూడా ఈ మూడూ తికమక పడకుండా వాడతారు. కాబట్టి మీ అట్ట మీద వీటికి మూడు గడులు ఉండాలి, మూడు వేర్వేరు రంగుల్లో. ఇంగ్లిషు అట్టను తెలుగులోకి మార్చి ఇచ్చినవాళ్ళెవరైనా సరే, ముందు ఇది చూసుకోండి.

ఏ మాటలు పెట్టాలి, ఎలా చేయాలి

మొదటిసారి అట్ట కోసం వచ్చే అమ్మలు అందరూ వస్తువుల పేర్లే రాసుకొస్తారు. బంతి, గ్లాసు, కుర్చీ, బాత్రూము. అవి కావాలి గానీ వాటితో కబుర్లు నడవవు. రోజంతా మనం ఏ మాటలు ఎక్కువ వాడుతున్నామో ఒక పూట చెవిపెట్టి వినండి. నేను విని రాసుకున్నవి ఇవి: ఇంకా, చాలు, కావాలి, వద్దు, కాదు, లేదు, ఉంది, అయిపోయింది, మళ్ళీ, ఇది, అది, ఇక్కడ, ఎక్కడ, ఎవరు, ఏంటి, ఎందుకు, ఎప్పుడు, నేను, నాకు, నాది, నువ్వు, రా, వెళ్దాం, ఇవ్వు, పెట్టు, తియ్యి, చూడు, చెప్పు, ఆగు, బాగుంది, బాగాలేదు, నొప్పి, ఇష్టం, ఇప్పుడు, తర్వాత. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రాజెక్ట్ కోర్ అనే పనిలో 36 మాటల అట్ట ఒకటుంది. ఎక్కడైనా, ఎవరితోనైనా పనికొచ్చే మాటలే అందులో ఉంటాయి. ఆ ఆలోచన తీసుకోండి, మాటలు మాత్రం మన నోటివే ఏరుకోండి. మనకు ‘నేను’ కంటే ‘నాకు’ ఎక్కువ పని చేస్తుంది. నాకు కావాలి, నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు ఆకలి. నేను మొదట్లో ‘నేను’ మాత్రమే పెట్టి తప్పు చేశాను.

‘రండి’ కూడా పెట్టండి. మా మామగారు మగ్గం దగ్గర నుంచి అన్నానికి వచ్చేసరికి వాడు ‘తాతయ్య’, ‘రా’ అని చూసేవాడు. ఆయన నవ్వుకునేవారు గానీ, మిగతా మనవలందరూ రండి తాతయ్యా అంటుంటే వీడొక్కడు రా అనడం వీడికే నచ్చలేదు. ఆ గడి వంక చూసి ముఖం చిట్లించేవాడు. అప్పుడు ‘అండి’ అని ఒక గడి పెట్టాం. ఎవరికి పెట్టాలో ఎవరికి అక్కర్లేదో మేం నేర్పనే లేదు, వాడికి ముందే తెలుసు. టీచరు గదిలోకి రాగానే ‘అండి’ మీదకు పోతుంది చూపు.

బొమ్మలు ఎక్కడివంటే, స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంత ప్రభుత్వం ఆరాసాక్ పేరుతో వేల బొమ్మల్ని ఉచితంగా ఇస్తోంది. వాటిని వ్యాపారానికి వాడుకోకూడదు. అందుకే మా షాపులో ఈ అట్టలకు నేను డబ్బు తీసుకోను. ఇంట్లో మనుషులకు మాత్రం ఫోటోలే పెట్టండి.

ఇక నా పని గురించి కాస్త వివరంగా చెబుతాను. మాట బొమ్మకు పైన ఉండాలి. కింద పెడితే చూపించే వేలు అక్షరాలను కప్పేస్తుంది. మెరిసే లామినేషన్ వద్దు, మ్యాట్ అడగండి. ట్యూబులైటు వెలుగు మెరిసే అట్ట మీద పడితే పక్కనుంచి చూసే పిల్లలకు తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. మూలలు గుండ్రంగా కత్తిరించాలి. అక్షరాలకు మండలి లాంటి శుభ్రమైన ఫాంటు వాడండి. పెళ్ళి పత్రికల ఫాంట్లలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. ‘మ’, ‘య’ పక్కపక్కనే కొట్టి చూసి, దూరం నుంచి వేరుగా కనిపిస్తే ఆ ఫాంటు మంచిదే. వేలితో చూపించగల పిల్లలకు ఏ3 కాగితం మీద నలభై గడులు పడతాయి. కళ్ళతో చూపించేవాళ్ళకు పేజీకి ఎనిమిదికి మించి వద్దు, పేజీలు పెంచండి. ఫోటో ఫ్రేములు కట్టేవాళ్ళ దగ్గర దొరికే అక్రిలిక్ షీటు మీద మధ్యలో కిటికీలా కోయించి, చుట్టూ మాటలు అంటించి, మీ ముఖానికీ వాడి ముఖానికీ నడుమ పట్టుకుంటే చూపు ఎటు పోతోందో స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక గడి ఒకచోట పెట్టాక దాన్ని ఎప్పటికీ కదపకండి. మా వాడు ఇప్పుడు అట్ట చూడకుండానే ‘ఇంకా’ ఎటుందో అటు చూస్తాడు. కొత్త మాటల కోసం మొదట్లోనే ఖాళీ గడులు వదలండి. పిల్లవాడి కూర్చోవడం కూడా సరిచూడండి. పాదాలు కింద ఆనాలి, నడుము జారకూడదు. జారుతున్న పిల్లవాడి బలమంతా పడకుండా ఉండటానికే సరిపోతుంది.

ముందు మీరు మాట్లాడండి

అట్ట ఇచ్చిన వారానికే చాలామంది ‘మా పిల్ల వాడట్లేదండీ’ అని తిరిగి తెస్తారు. మీరు వాడుతున్నారా అని అడిగితే ‘మాకు మాట వచ్చుగా’ అంటారు. పుట్టిన బిడ్డతో ఏడాది పాటు మనమే మాట్లాడతాం. తర్వాత గానీ వాళ్ళు ఒక మాట అనరు. అట్ట భాష కూడా అంతే. మన వేలు అట్ట మీద ఆడటం వాళ్ళు నెలల తరబడి చూడాలి. ‘ఇంకా అన్నం పెట్టనా?’ అంటూ ‘ఇంకా’, ‘పెట్టు’ ముట్టుకోండి. ‘అబ్బ, కరెంటు పోయింది, బాగాలేదు’ అంటూ ‘బాగాలేదు’ ముట్టుకోండి. ప్రతి మాటా చూపించక్కర్లేదు. వాక్యానికి ఒకటి రెండు చాలు. నోటితో మాత్రం పూర్తి వాక్యం మామూలుగా చెప్పండి, ముక్కలు ముక్కలుగా కాదు. మా ఆయన ఆటో తోలతారు. ఇంటికొచ్చి అలిసిపోయాను అనేటప్పుడు కూడా అట్ట మీద చూపించేవారు. ఆయన్ను చూసే వాడు మొదటిసారి ‘చాలు’ అన్నాడని నా నమ్మకం.

అడిగాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి, అవసరమైతే ఇరవై. మళ్ళీ అడిగితే వాళ్ళు మొదటి నుంచీ మొదలుపెట్టుకోవాలి. ఆ నిశ్శబ్దం భరించడం నాకు చాలా కష్టమైంది. కస్టమర్లతో గబగబా మాట్లాడే అలవాటు మరి.

పరీక్షలు పెట్టకండి. చుట్టాలొచ్చినప్పుడు ‘ఆవు ఎక్కడుందో చూపించు’ అనడం మానండి. ఆవు ఎక్కడుందో మీకు తెలుసు, మీకు తెలుసని వాడికీ తెలుసు. తెలియనిది అడగండి. ‘సాయంత్రం వాడరేవు వెళ్దామా, అమ్మమ్మ వాళ్ళింటికా?’ అన్నది నిజమైన ప్రశ్న.

చెయ్యి పట్టుకుని గడి మీద పెట్టించకండి. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని, చెయ్యి పట్టుకుని టైపు చేయించే పద్ధతి ఒకటి 1990ల్లో బాగా ప్రచారమైంది. పరీక్షించి చూస్తే ఆ మాటలు పట్టుకున్నవాళ్ళవే అని తేలింది. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో దాన్ని వాడవద్దని ప్రకటించింది. వణికే చేతికి మోచేతి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. మాట మాత్రం వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

‘అట్ట అలవాటైతే ఇక నోటిమాట రాదేమో’ అన్న భయం నాకూ ఉండేది. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకు ముందు జరిగిన అధ్యయనాలన్నీ వెతికి, గట్టి పద్ధతిలో నమోదైన 27 మంది వివరాలు చూశారు. ఏఏసీ వల్ల ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. మా వాడికి నోటిమాట రాలేదు, కానీ నవ్వేటప్పుడూ పిలిచేటప్పుడూ గొంతు మాత్రం ఇదివరకటి కంటే బాగా వస్తుంది.

అక్షరాల అట్ట

చేత్తో పెన్సిలు పట్టలేని పిల్లలకు అక్షరాల అట్టే పెన్సిలు. ఇంగ్లిషులో 26 అక్షరాలు రాసేస్తే అట్ట అయిపోతుంది. మనకు అలా కుదరదు. కి, కీ, కు, కూ అని గుణింతాలన్నీ వేస్తే గోడ చాలదు. హల్లులు వేరుగా, గుర్తులు వేరుగా పెట్టి కలుపుకోవాలి. కంప్యూటరులో తెలుగు కొట్టేటప్పుడు జరిగేదీ అదే. ‘క’ కొట్టి తర్వాత గుడి కొడితే ‘కి’ అవుతుంది.

నా అట్టలో పది వరసలు. మొదటిది అచ్చులు. తర్వాత ఐదు వర్గాలు: క, చ, ట, త, ప. ఏడో వరస య ర ల వ. ఎనిమిది శ ష స హ ళ క్ష. తొమ్మిదిలో గుర్తులు: దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం. పదో వరసలో సున్న, ఒత్తు, ‘అదే ఒత్తు’, ‘మాట అయింది’, ‘తప్పు, చెరిపెయ్యి’. ఙ, ఞ తీసేశాను. ఖ, ఘ, ఛ, భ లాంటివీ తీసెయ్యమని సలహా ఇచ్చారు కొందరు. తీస్తే భయం ఎలా రాస్తాడు, ఫోను ఎలా రాస్తాడు?

చదివే పద్ధతి ఇది. నేను వరసలు చెబుతాను: అచ్చులా? క వరసా? చ వరసా? వాడు కళ్ళెత్తిన చోట ఆగి ఆ వరసలోకి వెళ్తాను: త? థ? ద? అక్షరం దొరికాక ‘గుర్తు ఉందా?’ అని అడుగుతాను. లేదంటే తలకట్టే, ముందుకు పోవచ్చు. ఉందంటే దీర్ఘమా, గుడా, కొమ్మా అని చదువుతాను. తర్వాత ఒత్తు సంగతి. ‘అదే ఒత్తు’ గడి వాడే చెప్పి పెట్టించుకున్నాడు. అమ్మ, అన్న, పప్పు, వద్దు, ముద్ద, నొప్పి... మన మాటల్లో ఇన్నింట్లో అదే అక్షరానికి అదే ఒత్తు వస్తుందని వాడు విసిగి చూపించేదాకా నేను గమనించలేదు. ఎప్పుడూ ఒకే వరస క్రమంలో, ఒకే వేగంతో చదవండి. తొందరగా ఊహించి మాట పూర్తి చేసేయకండి. ఊహిస్తే ‘కారమా?’ అని అడిగి, వాడు అవునన్నాకే రాయండి.

వర్ణమాల ఇలా వర్గాలుగా కట్టిన పెద్దలకు దండం పెట్టుకుంటాను. మూడు నాలుగు అడుగుల్లో ఏ అక్షరాన్నైనా పట్టుకోవచ్చు.

అక్షరాలన్నీ వచ్చాక అట్ట ఇద్దాం అనుకోకండి. మాటలు రాని పసిబిడ్డ ‘తాత్త తాత్త’ అంటూ ఆడుకుంటుంది, పలక దొరికితే పిచ్చిగీతలు గీస్తుంది. వాళ్ళను మనం ఆపం. ఈ పిల్లలకు పిచ్చిగీతల కాలమే దొరకదు. ‘కారం’ ఒక్కటి కుదిరినా, అక్షరాల అట్టతో మొదటి ఆరు నెలలు మా వాడు ‘ట ఘ ర’ అనేవాడు, ‘ళ ళ ళ’ అనేవాడు. నేను దిద్దలేదు. ‘టఘర’ అని గట్టిగా చదివి, ‘ట అంటే టమాటాలో ట’ అని ఒక కబురు చెప్పి, తారీఖు వేసి పుస్తకంలో రాసేదాన్ని. ఏడో నెలలో ‘అమ’ వచ్చింది. ఒత్తు లేదు. ‘అమ్మ’ అని పక్కన సరిగ్గా రాసి చూపించాను గానీ, వాడు రాసింది తప్పనలేదు.

అక్షరం ధ్వని నేర్పేటప్పుడు ‘పలుకు’ అంటే వాళ్ళు ఏం చేస్తారు? ‘నీ మనసులో పలుకు’ అనండి. ‘తాతలో వినిపించే త, తలలో ఉందా? మనసులో పలికి చూడు.’ ఇలా రోజూ పది నిమిషాలు. మనసులో గొంతు ఉన్న పిల్లలు చదవగలరు.

కథ చదవడం

కథ చదివేటప్పుడు పిల్లవాడికి పేజీ తిప్పించే హక్కు, మధ్యలో మాట్లాడే హక్కు ఇవ్వాలి. రెండు మూడు వాక్యాలు చదివి ఆగండి. ముందు మీరొక మాట అనండి, అట్ట మీద చూపిస్తూ: ‘అబ్బో, పులి! నాకు ఇష్టం లేదు.’ తర్వాత ప్రశ్న అడగకుండా వాడి వంక చూస్తూ ఆగండి. ఏదో ఒకటి అంటే దానికి జవాబివ్వండి. అనకపోతే అప్పుడు అడగండి.

మా ఇంట్లో దీనికి ఏడు చేపల కథను మించింది లేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటూ ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. కథంతా ‘ఎందుకు’ మీదే నడుస్తుంది. అట్ట మీద ‘ఎందుకు’ చూడగల పిల్లవాడు ఈ కథను సగం తానే చెప్పగలడు. మా మామగారు చెప్పేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగిపోయేవారు. వాడు ‘ఎందుకు’ వైపు చూస్తేనే ఆవు నోరు విప్పేది. నెల తిరిగేసరికి బయట కూడా ఎందుకు అని అడగడం మొదలైంది. దీపావళికి నేను షాపు మూయలేదని ఎందుకు అన్నాడు. ఆ ఏడు మూశాను.

తర్వాత ఆ వాక్యాలే కాగితం ముక్కల మీద రాసి వరస కలపమనండి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ‘చీమ’, ‘కుట్టింది’ అన్న రెండు ముక్కలతో మొదలుపెట్టవచ్చు. బడిలో అయితే వారమంతా ఒక చార్టు నడపవచ్చు. సోమవారం ‘నాకు ... ఇష్టం’ అని రాసి ఒక్కొక్కరూ తమ మాట నింపుతారు, మన పిల్లవాడు అట్టతో నింపుతాడు. మంగళవారం అందరూ చదువుతారు. బుధవారం వాక్యాలు కత్తిరించి కలుపుతారు. గురువారం ఒక్కో పిల్లా ఒక్కో మాట పట్టుకుని వాక్యంలా నిలబడతారు. శుక్రవారం పిన్ను కొట్టి పుస్తకం చేస్తారు.

తెలుగు కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. పేజీ మూలలకు స్పాంజి ముక్కలు అంటిస్తే పేజీల మధ్య సందు ఏర్పడి, పిడికిలితో కూడా తిప్పవచ్చు.

ఫోను, ట్యాబు, బడి

బొమ్మ ముట్టుకుంటే మాట పలికే యాప్‌లు ఉన్నాయి. ఐఐటీ బాంబేలో తయారైన జెల్లో ఉచితం. చెన్నైలో తయారైన ఆవాజ్‌కు డబ్బు కట్టాలి. గొంతు వినిపించడం పెద్ద లాభమే. వెనక గదిలో ఉన్న అమ్మను కూడా పిలవవచ్చు. కానీ కాగితపు అట్ట మానకండి. స్నానం దగ్గర, వానలో, ఛార్జింగు లేనప్పుడు అదే దిక్కు. ఏది సరిపోతుందో చూపించుకోవడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థ నీపిడ్, మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. దగ్గర్లో అయితే మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉందేమో అడగండి. నాకు మొదటి అట్ట ఎలా వాడాలో చూపించింది అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయురాలే.

బడిలో ‘మాట రాని పిల్లవాడికి ఇక్కడేం చదువు’ అని ఎవరైనా అంటే గొడవ పడకుండా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కాగితం చూపించండి. రోజువారీ మాటల అవసరాలకు ఏఏసీ వాడకాన్ని ప్రోత్సహించాలని 17వ సెక్షన్‌లోనే ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు కూడా అందులోనే ఉన్నాయి. ముంబైకి చెందిన మాలినీ చిబ్ ఒక్క వేలితో టైపు చేస్తూ లండన్‌లో రెండు మాస్టర్స్ డిగ్రీలు చేశారు. ఈ సంగతి నేను మా వాడి ప్రతి కొత్త టీచరుకూ చెబుతాను.

టీచరు కంటే ముందు తోటిపిల్లలకు అట్ట నేర్పండి. మా వాడి పక్కన కూర్చునే అబ్బాయి వరసలు నా కంటే వేగంగా చదువుతాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏం కబుర్లు నడుస్తాయో నాకు చెప్పరు.

‘ఇక్కడ లేదు’

ప్రతి అట్ట మీదా, చివరికి నాలుగు గడుల అట్ట మీద కూడా, ఒక గడి ‘నేను చెప్పాలనుకున్నది ఇక్కడ లేదు’ అని ఉండాలి. పిల్లవాడు దాన్ని చూస్తే బొమ్మలు పక్కన పెట్టి అక్షరాలు అందుకోండి. అక్షరాలు ఇంకా రాని పిల్లలైతే మనిషా, వస్తువా, చోటా, నొప్పా, జరిగిపోయిందా అని ఒక్కొక్కటే అడుగుతూ వెళ్ళండి. దొరక్కపోతే ‘నాకు అందలేదు నాన్నా, రేపు మళ్ళీ అడుగుతాను’ అని చెప్పి, మర్నాడు తప్పకుండా అడగండి.

పోయిన నెల వేటపాలెం నుంచి ఒకామె ఐదేళ్ళ పాపను ఎత్తుకుని షాపుకొచ్చింది. మా వాడు బడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను పాపకు మాటలు ఎంచి, బొమ్మలు పేర్చి, ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ముప్పై ఆరు గడులు, మూడు రకాల కాదులు, ‘అండి’, అన్నీ ఉన్నాయి. వాడు దాని వంక చాలాసేపు చూసి, తన అట్ట మీద ‘ఇక్కడ లేదు’ చూశాడు. వరసలు చదివాను. ప, ఏత్వం. ర, కొమ్ము.

పేరు.

అమ్మ ఫోటో, నాన్న ఫోటో, తాతయ్య ఫోటో పెట్టాను గానీ పాప పేరు ఎక్కడా పెట్టలేదు. ఆమెను అడిగి, ఎడమ పక్క మొదటి గడిలో పాప పేరు పెద్ద అక్షరాల్లో కొట్టి, మళ్ళీ ప్రింటు తీశాను.